ఆల్బమ్ వ్యాసాన్ని ఎలా మెరుగుపరచాలి? డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ పేజీకి నా సూచనలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్ గురించి తెలుగు వికీపీడియాలో వ్యాసం రాశారు, కొన్ని పేరాలు, పాటల జాబితా పెట్టారు. తర్వాత ఎవరో వచ్చి పైన ‘మూలాలు లేవు’, ‘యాంత్రిక అనువాదం’ అని రెండు మూసలు (పేజీ పైన కనిపించే హెచ్చరిక పెట్టెలు) తగిలించి వెళ్లారు. ఇప్పుడు దాన్ని ఎక్కడినుంచి బాగుచేయాలో తెలియక, మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలా అని అడుగుతున్నారు.

చెరపొద్దు. ఆ మూసలు మిమ్మల్ని అవమానించడానికి పెట్టినవి కావు, పని మిగిలి ఉందని తర్వాత వచ్చేవాళ్లకు చెప్పే గుర్తులు, అంతే. చాలా ఏళ్లుగా సినిమాల పేజీలు, ఆల్బమ్‌ల పేజీలు సరిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, మీ వ్యాసానికి నిడివి సమస్య కాదు. పొగడ్త ఉంది, అంకెలున్నాయి, పాటల పేర్లున్నాయి, కానీ ఎవరు ఏం చేశారో లేదు. ఒక ఆల్బమ్ గురించి విజ్ఞాన సర్వస్వంలో చదివేవాడికి కావలసింది అదే: ఆ పాటలు ఎక్కడ పుట్టాయి, ఎవరు వాయించారు, ఎవరు పాడారు, రికార్డింగ్‌లో ఏం జరిగింది, వచ్చినప్పుడు జనం ఏమన్నారు. ఈ ఆల్బమ్ విషయంలో ఇదంతా పుష్కలంగా దొరుకుతుంది, కాబట్టి మీరు మంచి సబ్జెక్టే ఎంచుకున్నారు.

ముందు తీసేయాల్సినవి చూద్దాం. మొదటి పేరాలో ‘ప్రపంచ సంగీత చరిత్రలోనే అద్వితీయమైన కళాఖండం’ అని ఉంది కదా, ఆ వాక్యం పోవాలి. ఆ మాట అబద్ధమని కాదు, నాకూ ఆ ఆల్బమ్ ప్రాణమే. కానీ అది మీ మాట, వ్యాసం మాట కాదు. దానికి బదులు చదివేవాడు తనంతట తానే ఆ అభిప్రాయానికి వచ్చేలా నిజాలు పెట్టండి. ఉదాహరణకు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శాశ్వతంగా భద్రపరచాల్సిన రికార్డింగులను ప్రతి ఏటా ఎంపిక చేస్తుంది, 2012 సంవత్సరపు జాబితాలో ఈ ఆల్బమ్ ఉంది. ఈ ఒక్క వాక్యం మీ పది విశేషణాలకంటే ఎక్కువ పని చేస్తుంది, పైగా దాన్ని ఎవరూ తొలగించలేరు.

తర్వాత మీ వ్యాసంలో అన్నిటికంటే తొందరగా సరిచేయాల్సిన వాక్యం ‘741 వారాల పాటు వరుసగా నంబర్ వన్ స్థానంలో నిలిచింది’ అన్నది. ఇది మీరొక్కరే రాసింది కాదు, ఇంటర్నెట్ నిండా ఉంది, యూట్యూబ్ వీడియోల్లో కూడా చెబుతుంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వారంవారం వేసే ఆల్బమ్ జాబితాలో ఇది మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం, 1973 ఏప్రిల్ 28 నాటి జాబితాలో. 741 అనేది జాబితాలో ఎక్కడో ఒకచోట ఉన్న వారాల సంఖ్య, 1973 నుంచి 1988 మధ్య. పోనీ అవైనా వరుస వారాలా అంటే అదీ కాదు, లెక్క వేసి చూడండి: 1973 మార్చిలో జాబితాలోకి వచ్చింది, 1988లో దిగింది, పదిహేనేళ్లంటేనే 780 వారాలు, మరి 741 వరుసగా ఎలా అవుతాయి? మధ్యలో కొన్నిసార్లు బయటికి వెళ్లి మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా కథ ఉంది. 1991 నుంచి 2009 దాకా పాత ఆల్బమ్‌లను బిల్‌బోర్డ్ తన ప్రధాన జాబితాలో లెక్కించలేదు, నిబంధన మారాక మళ్లీ ఇది పైకి వచ్చింది, ఇప్పుడు మొత్తం 900 వారాలు దాటిపోయింది. మొత్తం అంకె రాసేటప్పుడు ‘ఫలానా నెల నాటికి’ అని తప్పక చేర్చండి, లేకపోతే రెండేళ్లలో మీ వాక్యం పాతబడిపోతుంది. సొంత దేశమైన బ్రిటన్‌లో అది రెండో స్థానం దాకానే వెళ్లిందన్నది కూడా చేర్చండి, చాలామంది అభిమానులకే ఇది తెలియదు.

అమ్మకాల సంగతీ ఇలాంటిదే. ప్రపంచవ్యాప్తంగా నాలుగున్నర కోట్ల కాపీలు అమ్ముడయ్యాయని చెప్పేది అంచనా. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఇచ్చిన 15 రెట్ల ప్లాటినం అనేది ధ్రువీకరణ, అంటే అమెరికాలో కోటిన్నర కాపీల లెక్క. ఈ రెండూ ఒకే రకం సమాచారం కాదు. మీరు రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేసి మొత్తం ఆరు కోట్లు చేశారు, అది ఏ మూలంలోనూ ఉండదు. అంచనాను అంచనా అని, ఎవరి అంచనాయో చెప్పి రాయండి, ధ్రువీకరణను విడిగా పట్టికలో పెట్టండి.

విడుదల తేదీ దగ్గర కాస్త ఓపిక పట్టాలి. అమెరికాలో 1973 మార్చి 1 అని సాధారణంగా రాస్తారు. బ్రిటన్‌కి వచ్చేసరికి కొన్ని చోట్ల మార్చి 16 అని, కొన్ని పుస్తకాల్లో మార్చి 24 అని ఉంటుంది. ఇలాంటప్పుడు కొత్తవాళ్లు చేసే పని ఏమిటంటే తమకు నచ్చిన తేదీ ఒకటి పెట్టి ఊరుకోవడం. తర్వాత ఇంకొకరు వచ్చి మారుస్తారు, మీరు మళ్లీ మారుస్తారు, పేజీ చరిత్ర అంతా ఈ తేదీ తగువుతోనే నిండిపోతుంది. ఉపోద్ఘాతంలో ‘1973 మార్చిలో’ అని రాసి, లోపల విడుదల విభాగంలో ఈ తేదీలన్నీ వాటి వాటి మూలాలతో పెట్టండి. అమెరికాలో విడుదల చేసింది క్యాపిటల్ సంస్థ, బ్రిటన్‌లో హార్వెస్ట్, అవి కలపొద్దు.

ఇప్పుడు ఉపోద్ఘాతం. మీకు నమూనాగా నేనైతే ఇలా రాస్తాను, మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి:

‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్, ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన ఆల్బమ్. ఇది వారి ఎనిమిదో స్టూడియో ఆల్బమ్. 1972లో కచేరీల్లో వాయిస్తూ తీర్చిదిద్దిన పాటలను ఆ ఏడాది మే నుంచి లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో (నేటి అబీ రోడ్ స్టూడియోస్) రికార్డు చేశారు. సాహిత్యం మొత్తం బృందంలోని రోజర్ వాటర్స్ రాశాడు. డబ్బు, కాలం, చావు, మతిభ్రమణం వంటి విషయాల చుట్టూ పాటలు తిరుగుతాయి. రికార్డింగ్ ఇంజనీరు అలాన్ పార్సన్స్. పట్టకం గుండా కాంతి వెళ్తున్న ముఖచిత్రాన్ని హిప్‌నోసిస్ సంస్థ రూపొందించింది.’

చూడండి, ఇందులో ఒక్క పొగడ్త లేదు, కానీ ఏమీ తెలియనివాడికి కూడా అది ఏమిటో తెలిసిపోతుంది. చార్టుల గురించి ఇంకో రెండు వాక్యాలు చేరిస్తే ఉపోద్ఘాతం అయిపోయింది. ఉపోద్ఘాతంలో ఉన్న ప్రతి విషయం కింద ఏదో ఒక విభాగంలో మూలంతో సహా వివరంగా ఉండాలి, అది మరిచిపోకండి.

ఇక అసలు పని నేపథ్యం విభాగం, రికార్డింగ్ విభాగం. మీ వ్యాసంలో ఈ రెండూ లేవు. ఈ ఆల్బమ్‌ను మామూలు ఆల్బమ్‌లనుంచి వేరుచేసేది ఇదే: పాటలు స్టూడియోలో పుట్టలేదు, రికార్డు రావడానికి ఏడాది ముందే జనం ముందు వాయించారు. 1972 జనవరి 20న బ్రైటన్ డోమ్‌లో మొదటిసారి మొదలుపెట్టి, ‘మనీ’ పాట దగ్గర సాంకేతిక ఇబ్బందులతో ఆపేయాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో పత్రికలవాళ్ల ముందు పూర్తిగా వాయించారు. అప్పటి రూపానికీ రికార్డు మీద ఉన్నదానికీ చాలా తేడా ఉంది, ‘ఆన్ ది రన్’ చోట అప్పట్లో వేరే వాయిద్య సంగీతం ఉండేది. పేరు విషయంలోనూ ఒక మలుపు ఉంది. మెడిసిన్ హెడ్ అనే ఇంకో బృందం అదే ఏడాది ఇదే పేరుతో ఆల్బమ్ తేవడంతో వీళ్లు కొన్నాళ్లు ‘ఎక్లిప్స్’ అని పిలుచుకున్నారు, ఆ ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోకపోవడంతో మళ్లీ పాత పేరుకే వచ్చేశారు. ‘అస్ అండ్ దెమ్’ పాట బాణీ ఇంకా పాతది. ఆంటోనియోని తీసిన ‘జాబ్రిస్కీ పాయింట్’ సినిమా కోసం బృందంలో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ కట్టిన పియానో బాణీ అది, దర్శకుడు వద్దన్నాడు, మూలన పడి ఉన్నదాన్ని ఇక్కడ వాడుకున్నారు. నేపథ్యం విభాగానికి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది చెప్పండి?

రికార్డింగ్ విభాగంలో పరికరాల పేర్ల జాబితా ఇవ్వకండి, ఒక్కొక్క శబ్దం ఎలా వచ్చిందో చెప్పండి. ‘టైమ్’ మొదట్లో మోగే గడియారాలను అలాన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేసుకొచ్చాడు, అదీ ఈ పాట కోసం కాదు, నాలుగు స్పీకర్ల క్వాడ్రఫోనిక్ పద్ధతిని పరీక్షించి చూపడానికి. ‘మనీ’ మొదట్లో వినపడే చిల్లర నాణేలు, నగదు యంత్రం, కాగితం చింపిన చప్పుడు టేపు ముక్కలుగా కోసి అతికించి, లూపుగా తిప్పినవి. ఆ పాట చాలావరకు ఏడు మాత్రల తాళంలో నడుస్తుంది, మధ్యలో గిటార్ సోలో దగ్గర నాలుగుకి మారుతుంది. మన పాఠకుల్లో మిశ్రచాపు తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు ఏడు లెక్క వెంటనే పడుతుంది, కానీ వ్యాసంలో ‘ఇది మిశ్రచాపు’ అని రాసేయకండి, ఏడు మాత్రలని చెబితే చాలు. ‘ఆన్ ది రన్’లో గిరగిరా తిరిగే శబ్దం సింథీ ఏకేఎస్ అనే చిన్న సింథసైజర్‌ది, కొన్ని స్వరాలను అందులో ఎక్కించి వేగం పెంచేశారు. ఇలా నాలుగైదు వాక్యాలు రాస్తే చాలు, చదివినవాడు వెంటనే వెళ్లి ఆ పాట పెట్టుకుని వింటాడు.

మధ్యమధ్యలో వినపడే మాటల గురించి కూడా రాయాలి. వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో దొరికినవాళ్లందరినీ మైకు ముందు కూర్చోబెట్టి జవాబులు చెప్పించాడు. నీకిష్టమైన రంగేమిటి లాంటి తేలిక ప్రశ్నలతో మొదలై హింస, పిచ్చి, చావు దాకా వెళ్లేవి. కచేరీల సామాను మోసే సిబ్బంది, స్టూడియో కాపలాదారు, పక్క గదిలో పనిచేస్తున్న సంగీతకారులు అందరూ ఉన్నారు. పాల్ మెకార్ట్నీ దంపతులను కూడా అడిగారు గానీ వాళ్ల జవాబులు వాడలేదు. ఆల్బమ్ చివర్లో చంద్రుడి గురించి వినపడే మాట ఆ కాపలాదారు జెర్రీ ఓడ్రిస్కల్‌ది. అంత పేరున్నవాళ్ల మాట పక్కనపెట్టి, గుమ్మం దగ్గర ఉండే మనిషి గొంతుతో ఆల్బమ్ ముగించారు! ఈ ఆల్బమ్ స్వభావం ఏమిటో దీన్నిబట్టే తెలుస్తుంది, దీనికి ఒక పూర్తి పేరా ఇవ్వండి.

మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను కలపడం) దగ్గర జాగ్రత్త. గిటార్ వాయించే డేవిడ్ గిల్మోర్, రైట్ ఒకరకం ధ్వని కోరుకున్నారని, వాటర్స్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్ ఇంకోరకం కోరుకున్నారని, అందుకే మధ్యవర్తిగా సంగీత నిర్మాత క్రిస్ థామస్‌ను పిలిపించారని ఒక కథనం ఉంది. అసలు వాళ్ల మధ్య అభిప్రాయ భేదాలే తనకు కనిపించలేదని థామస్ తర్వాత చెప్పాడు. మీరు ఇందులో ఏది నిజమో తేల్చనక్కర్లేదు. ఎవరు ఏమన్నారో వాళ్ల పేరుతో రాసి వదిలేయండి. పాత బృందాల గురించి రాసేటప్పుడు ఈ సూత్రం ప్రతి మలుపులోనూ పనికొస్తుంది, ఎందుకంటే ఆ మనుషులు తర్వాత విడిపోయారు, ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కారు, జ్ఞాపకాలు కూడా దానితోపాటే మారాయి. మొదటి పాట ‘స్పీక్ టు మి’కి కర్తగా మేసన్ పేరు ఉంటుంది, అది తాను అతనికి కానుకగా ఇచ్చిన క్రెడిట్ అని వాటర్స్ తర్వాత అన్నాడు. పట్టికలో మేసన్ పేరే ఉండాలి, వాటర్స్ మాట కింద వివరణలో ఉండాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయానికి వస్తాను. మీ వ్యాసంలో ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ పక్కన ‘రైట్’ అని మాత్రమే ఉంది, దాన్ని పాడిన క్లేర్ టోరీ పేరు వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు. ఆ పాటలో సాహిత్యం లేదు, రైట్ కట్టిన పియానో బాణీ మీద ఆమె గొంతే పాటను నడిపిస్తుంది. పార్సన్స్ సూచన మీద ఆమెను పిలిచారు, 1973 జనవరిలో ఒక ఆదివారం వచ్చి పాడి వెళ్లింది, ఆదివారం కాబట్టి రెట్టింపు రేటు కలిపి ముప్ఫై పౌండ్లు ఇచ్చారు. ఏ రాగం పాడాలో ఎవరూ రాసి ఇవ్వలేదు, అప్పటికప్పుడు తనే కల్పించుకుని పాడింది. మరి ఆ గాత్రం ఎవరి స్వరకల్పన? 2004లో ఆమె ఇదే ప్రశ్నతో బృందం మీద, రికార్డు సంస్థ ఈఎంఐ మీద దావా వేసింది, 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది, షరతులు బయటపెట్టలేదు. ఆ తర్వాత వచ్చిన ముద్రణలన్నిటిలో కర్తలుగా రైట్, టోరీ ఇద్దరి పేర్లూ ఉంటాయి. అందువల్ల మీ దగ్గర ఉన్న పాత సీడీ చూసి రాస్తే ఒక పేరే వస్తుంది, అది అప్పటికి నిజమే, ఇప్పటికి సరిపోదు. పట్టికలో రెండు పేర్లూ పెట్టి, 1973 ముద్రణలో ఒక్క పేరే ఉండేదని కింద ఒక వాక్యం రాయండి. రాజీలో ఎంత డబ్బు ముట్టిందని కొన్ని సైట్లలో ఊహాగానాలు కనబడతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. జీవించి ఉన్న వ్యక్తి గురించి ఊహలు రాయకూడదన్నది వికీపీడియాలో గట్టి నియమం, అది మామూలు మర్యాద కూడా.

ఇదే వరసలో మిగతావాళ్లనూ మరవకండి. ‘మనీ’, ‘అస్ అండ్ దెమ్’ పాటల్లో శాక్సఫోన్ వాయించింది డిక్ పారీ. వెనక గొంతులు డోరిస్ ట్రాయ్, లెస్లీ డంకన్, లిజా స్ట్రైక్, బ్యారీ సెయింట్ జాన్. చాలా వ్యాసాల్లో బృందం నలుగురి పేర్లు రాసి ఊరుకుంటారు. సినిమా పాటల్లో కోరస్ పాడినవాళ్లకు మన దగ్గర ఎలాంటి గుర్తింపు ఉంటుందో మీకు తెలుసు, కనీసం మనం రాసే పేజీలోనైనా పేర్లు ఉండనివ్వండి. ఎవరు ఏ పాట పాడారన్నదీ చెప్పండి: ఎక్కువ పాటలు గిల్మోర్ గొంతు, ‘టైమ్’లో కొంత భాగం రైట్, చివరి రెండు పాటలు ‘బ్రెయిన్ డ్యామేజ్’, ‘ఎక్లిప్స్’ వాటర్స్.

పాటల జాబితాలో ఇంకో చిక్కు ఉంది. మొత్తం పది పాటలు, ఎల్పీ రికార్డు మొదటి వైపు ‘గ్రేట్ గిగ్’తో అయిపోతుంది, రెండో వైపు ‘మనీ’తో మొదలవుతుంది. కానీ కొన్ని సీడీల్లో మొదటి రెండూ కలిపి ఒకే ట్రాక్‌గా ఉంటాయి కాబట్టి తొమ్మిదే కనిపిస్తాయి. మీ పేజీ చూసి ఎవరైనా ‘తప్పు, తొమ్మిదే’ అని మారిస్తే కంగారు పడకండి, చర్చాపేజీలో ఈ సంగతి ముందే ఒక ముక్క రాసి పెట్టండి. పాటల పేర్లు తెలుగు లిపిలో ఉంటే చాలు, అర్థాలు చెప్పనక్కర్లేదు.

పాటల సాహిత్యం మాత్రం పెట్టకండి. మీరు ‘టైమ్’ పాటలో ఎనిమిది వరుసలు తెలుగులోకి మార్చి పెట్టారు, బాగానే మార్చారు, కానీ అనువాదం చేసినా హక్కులు రచయితవే. అది ఈరోజే తీసేయండి. అలాగే ఒక్కో పాటకు మీరు చెప్పిన భావం కూడా. ‘ఈ పాట వేదాంతాన్ని సూచిస్తుంది’ అన్నది మీ ఆలోచన, బ్లాగులో రాస్తే నేనే ఆసక్తిగా చదువుతాను, కానీ విజ్ఞాన సర్వస్వంలో సొంత పరిశోధనకు చోటు లేదు. భావాల విభాగం కావాలంటే వాటర్స్ ఇంటర్వ్యూల్లో చెప్పినవి, సంగీత విమర్శకులు పుస్తకాల్లో రాసినవి వాళ్ల పేర్లతో పెట్టండి. మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో బృందానికి దూరమైన సిడ్ బారెట్ ఛాయ ‘బ్రెయిన్ డ్యామేజ్’లో ఉందన్న మాట బాగా నమోదైంది, దాన్ని తప్పక రాయండి.

ముఖచిత్రం గురించి రెండు విషయాలు. మొదటిది సమాచారం: హిప్‌నోసిస్ తరఫున స్టార్మ్ తోర్గర్‌సన్, ఆబ్రీ పావెల్ ఆలోచనలు తెచ్చారు, బొమ్మ గీసింది జార్జ్ హార్డీ. ఈసారి ఫోటో కాకుండా ఏదైనా సాదాగా, పొందికగా ఉండాలని అడిగింది రైట్. ముందు అట్ట మీద బృందం పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ లేవు. రంగుల పట్టీలు ఆరే, ఏడు కాదు, మీరు ‘ఏడు రంగుల ఇంద్రధనుస్సు’ అని రాశారు, సరిచేయండి. రెండోది హక్కులు: ఆ బొమ్మను కామన్స్‌లోకి (అన్ని వికీపీడియాలకూ ఉమ్మడి బొమ్మల భాండాగారం) ఎక్కించొద్దు, అక్కడ స్వేచ్ఛా లైసెన్సు ఉన్నవే ఉంచుతారు. తెలుగు వికీపీడియాలోనే చిన్న సైజులో ఎక్కించి, సముచిత వినియోగం మూస నింపి, ఈ ఒక్క వ్యాసంలో సమాచారపెట్టెలో మాత్రమే వాడండి. మీ ప్రయోగశాల పేజీలో (చిత్తుప్రతి రాసుకునే సొంత పేజీ) కూడా ఉంచకూడదు.

‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాతో కలిపి వేస్తే పాటలు సరిగ్గా సరిపోతాయన్న ప్రచారానికి మీరు పెద్ద విభాగమే ఇచ్చారు. రెండు వాక్యాలు చాలు: 1990ల్లో ఇలా ఒక ప్రచారం మొదలైంది, బృందం సభ్యులు, పార్సన్స్ దాన్ని కొట్టిపారేశారు. క్లేర్ టోరీకి ఒక్క వాక్యం లేని వ్యాసంలో దీనికి నాలుగు పేరాలు ఉండటం న్యాయం కాదు.

సమీక్షల్లో అన్నీ ఇప్పటి ఐదు నక్షత్రాలే పెట్టకండి. అమెరికాలో 1973 నాటి రోలింగ్ స్టోన్ పత్రికలో లాయిడ్ గ్రాస్‌మన్ మెచ్చుకున్నాడు, విమర్శకుడు రాబర్ట్ క్రిస్ట్‌గౌ బి గ్రేడ్ మాత్రమే ఇచ్చాడు, బ్రిటన్‌లో మెలడీ మేకర్ పత్రిక విమర్శకుడికి మొదటి వైపు నచ్చలేదు. ఇవి పక్కపక్కన ఉంటే పాఠకుడికి ఆ కాలం కనిపిస్తుంది.

మూలాల సంగతి. ఎవరు వాయించారు, ఎవరు రాశారు అన్నదానికి ఆల్బమ్ అట్ట మీది వివరాలే మంచి మూలం. చార్టులకు ఆ చార్టు సంస్థల సైట్లు, పాత బిల్‌బోర్డ్ సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగా చదవొచ్చు. కథనాలకు పుస్తకాలు, పేరున్న సంగీత పత్రికలు. మేసన్ తన జ్ఞాపకాలను పుస్తకంగా రాశాడు, చాలా ఉపయోగపడుతుంది, కాకపోతే అది అతని వైపు కథ కాబట్టి ‘మేసన్ ప్రకారం’ అని చేర్చండి. డిస్‌కాగ్స్ అనే రికార్డుల వివరాల సైటు, పాటల సాహిత్యం పెట్టే సైట్లు, అభిమానుల పేజీలు పనికిరావు, వాటిలో ఎవరైనా ఏదైనా రాయొచ్చు. ఇంగ్లీషు వికీపీడియాను మూలంగా చూపకూడదు. అక్కడి ఫుట్‌నోట్లను తెరిచి చదవకుండా ఇక్కడికి తెచ్చి అతికించడం ఇంకా చెడ్డ అలవాటు. లింకు చచ్చిపోయి ఉండొచ్చు, పేజీ నంబరు వేరే ముద్రణది కావచ్చు, మీరు రాసిన వాక్యం అందులో అసలు లేకపోవచ్చు. మీరు చదివిన పది మూలాలు చాలు, చదవని నూట యాభై వద్దు. ఇంకొకటి, ఇంగ్లీషు వ్యాసం నుంచి అనువదించిన భాగం ఉంటే దిద్దుబాటు సారాంశంలో ఆ సంగతి, ఆ పేజీ లింకు రాయాలి, లైసెన్సు ప్రకారం అది తప్పనిసరి.

భాష గురించి ఎక్కువ చెప్పను. అనువాద పరికరం ఇచ్చినదాన్ని అలాగే ప్రచురించడం వల్లే ఆ రెండో మూస పడింది. ‘చేయబడింది’, ‘పరిగణించబడుతుంది’ అని ముగిసే వాక్యాలన్నీ ఏరి, చేసినవాడి పేరు ముందుకు తెచ్చి రాయండి, సగం జబ్బు అక్కడే నయమవుతుంది, చేసినవాడి పేరు దొరకకపోతే మూలం వెతకాల్సిన చోటు అదేనని మీకే తెలుస్తుంది. పేర్లు ఒకేలా ఉండాలి, ఒకచోట గిల్మోర్, ఇంకోచోట గిల్మర్ కుదరదు. ఎల్పీ రికార్డుకు రెండు వైపులుంటాయని, మధ్యలో లేచి తిప్పి పెట్టుకోవాలని ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు, అలాంటిచోట సగం వాక్యం వివరణ ఇవ్వండి. తెలుగువాళ్ల మీద ఈ ఆల్బమ్ ప్రభావం అని ఒక విభాగం పెట్టాలనుకుంటున్నట్టు రాశారు, అచ్చైన మూలం దొరికితే పెట్టండి, మీ స్నేహితుల బ్యాండు గురించి అయితే వద్దు.

అన్నీ ఒకేరోజు చేయకండి. ఈరోజు 741 వాక్యం, అమ్మకాల మొత్తం, పాట సాహిత్యం, ఏడు రంగులు, ఈ నాలుగూ సరిచేసి సారాంశంలో ఎందుకో రాయండి. టోరీ పేరు కూడా ఈరోజే చేర్చండి, దానికి మూలం వెతకడం కష్టం కాదు. నేపథ్యం, రికార్డింగ్ విభాగాలు మీ ప్రయోగశాలలో తీరిగ్గా రాసుకోండి. అవి అయ్యాక, మూస పెట్టిన వాడుకరి చర్చాపేజీలో ‘ఇవి సరిచేశాను, చూడగలరా’ అని ఒక మాట అడగండి, మూసలు వాళ్లే తీస్తారు. ప్రయోగశాల లింకు ఇక్కడ పెడితే నేనూ చదివి, మూలాలు వాక్యాలకు సరిపోతున్నాయో లేదో ఒక్కొక్కటి తెరిచి చూసి చెబుతాను.